సంఘము పలుకవలసిన ఆమేన్



ఈ ఉపన్యాసమునకు ఆధారమైన నిధిని నెలకొల్పిన దాతలు దానికి ఏ యొక్క వ్యక్తి పేరును పెట్టక, తెలుగు పల్లెలలో గంట మ్రోగించి, దీపము వెలిగించి, పదిమందిని కూర్చి ప్రార్థన నడిపిన ఉపదేశులందరి స్మృతికి దీనిని అంకితము చేసిరి. ఆ ఔచిత్యమునకు తల వంచి నమస్కరించుచున్నాను. పగలు బడిలో పిల్లలచేత ఓనమాలు దిద్దించి, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట కూలినుండి తిరిగివచ్చిన వారి తలిదండ్రులకు వాక్యము చదివి వినిపించి, ఆదివారమున ఆరాధన జరిపి, అభిషేకము పొందిన అయ్యగారు ఏ నెలకో రెండు నెలలకో ఒకమారు ప్రభురాత్రి భోజనపు బల్ల ఇచ్చుటకు వచ్చువరకు సంఘము చెదరిపోకుండ కాచిన ఆ మనుష్యులలో పెక్కుమంది పేర్లు ఏ శిలాఫలకము మీదను లేవు. వారు కూర్చిన ప్రార్థన కూటములు మాత్రము సంఘములై నేటికిని నిలిచియున్నవి. అట్టివారి స్మృతిలో మాటలాడు భాగ్యము కలిగినందున, వారు జీవితమంతయు చేసిన పనిని గూర్చియే, అనగా సంఘారాధనను సిద్ధపరచి నడిపించుటను గూర్చియే విన్నవింప దలచితిని.

ఈ పని పైకి సులభముగా తోచును. కీర్తనలు నాలుగు, పాఠములు రెండు, ప్రార్థనలు మూడు, ప్రసంగమొకటి, కానుక, దీవెన. వీనిని ఒక కాగితము మీద వరుసగా వ్రాసికొన్నచో ఆరాధన సిద్ధమైనట్లేయని తలచువారు కలరు. క్రమమను మాటనే సహింపక, ఆత్మ నడిపింపునకు ముందుగా వ్రాసిన కాగితమేల యని ప్రశ్నించువారును కలరు. ఈ యిరువురును క్రమము నాయకునికి సంబంధించినదని భావించుటయే నాకు చింత కలిగించుచున్నది. నా మనవి వేరు. నాయకుడు ఏర్పరచు సమస్త క్రమమునకును గమ్యము సంఘము పలుకు ఆమేన్. ఆ మాట గ్రహింపుతో, మనస్సుతో, ఒక్క గొంతుతో పలుకుటకు సంఘమునకు వీలు కలిగినచో ఆరాధన నడచినట్లు. వీలు కలుగనిచో, ఎంత చక్కని కంఠము వినబడినను, ఎంత గొప్ప ప్రసంగము జరిగినను, నడిపించినవాడొక్కడే ప్రార్థించుకొని యింటికి పోయినట్లు.

ఇది నేను కల్పించిన సిద్ధాంతము కాదు. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయమున ఈ ప్రశ్నయే కలదు. ఆ సంఘమున వరములకు కొదువ లేదు. ఒకడు కీర్తన తెచ్చును, ఒకడు బోధ తెచ్చును, ఒకడు అన్యభాషతో స్తోత్రము చెల్లించును. పౌలు వారి ఉత్సాహమును తప్పుపట్టలేదు గాని, ఆ మూలను కూర్చున్న ఉపదేశము పొందనివానిని చూపి, నీవు చెప్పినది వానికి తెలియనపుడు నీ స్తోత్రమునకు వాడు ఆమేన్ ఎట్లు పలుకునని నిలదీసెను. మర్యాదను, క్రమమును గూర్చి అదే అధ్యాయము చివర ఆయన చెప్పిన మాటను మనము తరచుగా ఉదాహరింతుము గాని, ఆ క్రమము ఎవరికొరకో చెప్పిన యీ ముందుమాటను మరతుము. క్రమము పెద్దల గౌరవము కొరకు కాదు. వెనుక వరుసలోనివాని ఆమేన్ కొరకు.

క్రీ.శ. 155 ప్రాంతమున రోమా నగరమున జస్టిన్ అను తత్త్వవేత్త, క్రైస్తవులపై మోపబడిన నిందలకు సమాధానముగా చక్రవర్తికి వ్రాసిన విజ్ఞాపనలో, వారి ఆదివారపు కూటము ఎట్లుండునో వర్ణించెను. పట్టణమువారును పల్లెవారును ఒకచోట చేరుదురు. అపొస్తలుల జ్ఞాపకములను గాని ప్రవక్తల గ్రంథములను గాని సమయము చాలినంతవరకు చదువుదురు. చదువరి ముగించిన పిదప అధ్యక్షుడు హితవు చెప్పును. అందరును లేచి ప్రార్థింతురు. రొట్టెయు, ద్రాక్షారసమును, నీరును తేబడును. అధ్యక్షుడు తన శక్తికొలది కృతజ్ఞతా ప్రార్థన చేయగా ప్రజలు ఆమేన్ అని సమ్మతింతురు. రానివారికి పరిచారకులు వారి భాగమును యింటికి చేర్తురు. కలిగినవారు తమ యిష్టానుసారముగా ఇచ్చినది అనాథలకు, విధవలకు, రోగులకు, చెరలోనున్నవారికి, పరదేశులకు వెచ్చింపబడును. చదువువాడొకడు, బోధించువాడొకడు, మోసికొని పోవువాడొకడు. అయినను ఆ ప్రార్థనకు ముద్ర వేయువారు మాత్రము ప్రజలందరు. ఆమేన్ అను హెబ్రీ మాటకు అట్లగును గాక యని అర్థమని సైతము జస్టిన్ అన్యుడైన పాలకునికి విప్పి చెప్పెను. అంత సంగ్రహమైన వర్ణనలో ఆ ఒక్క మాటకు అర్థము వివరింపవలసిన అగత్యమేమి? ఆ కూటమునకు ప్రాణము దానియందున్నదని ఆయన యెరిగియుండుట చేతనే యని నాకు తోచును.

తెలుగుదేశపు పల్లెలలో ఈ మాటకు మరియొక బరువు కూడ చేరినది. మన సంఘములలో అధిక సంఖ్యాకులు ఎవరి బిడ్డలు? ఊరికి వెలుపల, వెలివాడలలో నివసించుచు, రచ్చబండ దగ్గర నిలుచుటకైనను అనుమతి లేక, తమ బ్రతుకును గూర్చి ఇతరులు చేసిన తీర్మానమును చేతులు కట్టుకొని విని పోవలసినవారి బిడ్డలు. అట్టి జనులకు ఆదివారపు సాయంకాలమున, కిరసనాయిలు దీపము వెలుగులో, సర్వలోకాధికారి యెదుట చేయబడిన ప్రార్థన మీ సమ్మతి లేనిదే పూర్తికాదని చెప్పిన ఉపదేశి, ఎంతటి గొప్ప మాటను ఎంత నెమ్మదిగా చెప్పెనో ఆలోచింపుడు. ఊరిలో అడుగబడని వారి మాట గుడిలో అడుగబడెను. ఈ చరిత్ర యెరిగిన నాయకుడు ఆ మాటను వారి నోటినుండి తీసికొని తానే మైకులో పలుకుటకు సాహసింపడు.

సంఘమునకు దాని పాలు తిరిగి ఇచ్చుటకు జరిగిన ప్రయత్నములలో దక్షిణ ఇండియా సంఘము చేసినది ముఖ్యమైనది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కతీడ్రలులో ఆంగ్లికను, మెథడిస్టు, ప్రెస్బిటేరియను, కాంగ్రిగేషనలు సంప్రదాయములవారు ఏకమైనపుడు, ఒకరు గ్రంథము చూచి ప్రార్థించువారు, మరియొకరు హృదయమునుండి ప్రార్థించువారు. వీరిని ఒక్క బల్ల చుట్టు నిలుపుట యెట్లు? 1950లో మొదట వాడబడిన ప్రభురాత్రి భోజన క్రమమును, 1963లో వెలువడిన సామాన్యారాధన గ్రంథమును దీనికి సమాధానములు. కాపరి ప్రజలకు వీపు చూపక, బల్ల వెనుక నిలిచి వారి ముఖములు చూచును. పరిశుద్ధ గ్రంథము అందరును లేచి నిలుచుండగా ముందునకు తేబడును. రొట్టెయు ద్రాక్షారసమును కానుకలతోబాటు ప్రజలమధ్యనుండి బల్లకు వచ్చును. కేరళలోని సిరియను క్రైస్తవులు అనాదిగా కాపాడుకొన్న సమాధాన వందనము చేతినుండి చేతికి సంఘమంతట ప్రాకును.

ఈ చివరిదానిని ఒక్క నిమిషము దగ్గరనుండి చూతము. ఇచ్చువాడు తన కుడి అరచేతిని పుచ్చుకొనువాని కుడి అరచేతికి ఆనించును. పిమ్మట ఇరువురును తమ ఎడమచేతితో ఎదుటివాని కుడిచేతిని మూయుదురు. నాట్లు వేసి పగిలిన చేయి, బలపము పట్టిన చేయి, నిన్నటివరకు పొలము గట్టు విషయమున తగవులాడిన చేయి, ఒకదాని వెచ్చదనము ఒకదానికి తగులును. వరుస చివరనున్నవానికి ఆ సమాధానము చేరువరకు కాపరి ఆగవలెను. ఆ ఆగుటలో ఎంత కాలము పోయినను అది వ్యర్థము కాదు. కొన్ని సంఘములలో ఆలస్యమగుచున్నదని దీనిని నిలిచినచోటనే తల ఊపుటగా మార్చివేసిరి. పది నిమిషముల ప్రకటనలకు చోటున్న క్రమములో రెండు నిమిషముల సమాధానమునకు చోటు లేకుండుట విచారకరము.

రోమను కథోలిక సంఘము కూడ 1963 డిసెంబరు 4న తన మహాసభలో ఆమోదించిన ఆరాధన శాసనమున, ప్రజలు ప్రేక్షకులుగా గాక తెలిసి, పూనుకొని, నిండుగా పాల్గొనవలెనని నిర్దేశించి, దేశభాషలకు ద్వారము తెరచెను. వ్రాసిన క్రమము లేని సంప్రదాయములను గూర్చియు ఒక మాట చెప్పుట న్యాయము. 1950 నుండి హైదరాబాదు హెబ్రోను కేంద్రముగా భక్త్ సింగ్‌గారు పెంపొందించిన సహవాసములలో, ముందుగా ఎవరి పేరును వ్రాయబడకయే, వరుసలోనివారు ఒకరి వెంట ఒకరు లేచి స్తుతింతురు. అచ్చటను క్రమము లేకపోలేదు. ఒకరు ముగించువరకు మరియొకరు ఓపిక పట్టుట, ఒకరి స్తోత్రమునకు తక్కినవారందరు ఆమేన్ పలుకుట, కలిసి కూర్చుండి భుజించుట, ఇవన్నియు క్రమమే. గ్రంథము చేతనున్నను లేకున్నను, సంఘము మాటలాడుచున్నదా, మౌనముగా కూర్చున్నదా యనునదే పరీక్ష.

ఇక కీర్తనల సంగతి. మన సంఘమునకు చదువు రాకముందే పాట వచ్చినది. 1803లో బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, 1833లో బాప్తిస్మము పొంది, 1890 వరకు జీవించిన పురుషోత్తమ చౌదరిగారు నూటికి పైగా కీర్తనలు రచించి, తెలుగువారి ప్రార్థనకు తెలుగు నడకనే యిచ్చిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెరచిన వారికి పాటపైన రాగము, తాళము పేర్లు కానవచ్చును. పల్లవి, అనుపల్లవి, చరణము అను ఆ కట్టడి పండితులను మెప్పించుటకు మాత్రమే కాదు. చరణమును నాయకుడు పాడగా పల్లవికి సంఘము తిరిగి రావచ్చును. అక్షరము రాని అవ్వ పల్లవి నేర్చుకొన్నచో పాటలో సగము ఆమెదే. పల్లవి అనగా పాటలోని ఆమేన్ అని చెప్పినను తప్పులేదు.

అందుచేత పాటలను ఎన్నుకొనుట కేవలము రుచికి సంబంధించిన విషయము కాదు. నేను యువకులకు చెప్పునది ఇది: ఒక ఆరాధనలో క్రొత్త పాట ఒకటి చాలును, దానిని ఆరాధనకు ముందే రెండుమారులు నేర్పుడు. మొదటి పాట అందరికిని వచ్చినదై యుండవలెను, ఏలయన దానితో సంఘము తన గొంతు తాను వినును. వాక్యమునకు ముందు పాట వాక్యమునకు దారి చూపవలెను; బల్లయొద్ద పాట పుస్తకము లేకయే పాడదగినదై యుండవలెను, చేతులు ఖాళీగా చాపవలసిన సమయమది. అన్నిటికంటె ముందు శ్రుతిని చూడుడు. ఇంటివద్ద వంట చేయుచు చక్కగా పాడుకొను స్త్రీ గుడిలో పెదవులు మాత్రమే కదలించుచున్నదనిన, దోషము ఆమె భక్తిలో లేదు. కీబోర్డు వాయించువాడు తన గాయకునికి అనువైన శ్రుతిని పట్టెను గాని ఆమె గొంతుకు అందు శ్రుతిని పట్టలేదు. డోలకును, తాళములను, కంజిరను, కీబోర్డును నేను సమానముగా గౌరవింతును. వాద్యము మ్రోగుచుండగా సంఘపు గొంతు వినబడవలెను. వినబడనిచో వాద్యమును తగ్గింపుడు. చివరి పల్లవికి వాద్యములన్నియు ఆపి చూడుడు. ఆ క్షణమున గోడలనుండి తిరిగివచ్చు ధ్వనియే మీ సంఘపు నిజమైన స్వరము.

సిద్ధపాటును గూర్చి మన ఉపదేశుల అలవాటులు నేటికిని పాఠముగా నిలువదగినవి. సోమవారము రాత్రియే రాబోవు ఆదివారపు పాఠములను చదివి, వారమంతయు వానిని వెంటబెట్టుకొని యిల్లిల్లు తిరుగుట వారి పద్ధతి. జ్వరపడిన వారెవరు, కానుపునకు దగ్గరైన వారెవరు, వలసపోయిన వారెవరు, కోడలితో మాట లేని అత్త యెవరు. ఇవన్నియు వారికి కంఠస్థములు. శుక్రవారమునాటికి చదువువారికి పాఠము చెప్పబడును. వాక్యపఠనము ప్రసంగమునకు పీఠిక కాదు. అదియే మొదటి ప్రసంగము. నెహెమ్యా గ్రంథమున ఎజ్రా కొయ్య పీఠముపై నిలిచి ఉదయమునుండి మధ్యాహ్నమువరకు ధర్మశాస్త్రము చదువగా, జనులు గ్రహించునట్లు దానికి అర్థము చెప్పువారు వారిమధ్య నియమింపబడియుండిరి. జనులు చేతులెత్తి రెండుమారులు ఆమేన్ పలికిరి. ఆరాధన ఆరంభమైన తరువాత, ఈ దినము పాఠమెవరు చదివెదరని వేదికనుండి అడుగు సంఘములలో ఆ ఆమేన్ ఎట్లు వచ్చును? చదువువాడు పాఠమును ఇంటిలో మూడుమారులు బిగ్గరగా చదివి రావలెను. పేర్లు పలుకుట నేర్చుకొనవలెను. ముగించిన పిదప ఒక్క శ్వాసకాలము నిలువవలెను.

పాపపు ఒప్పుకోలుకు ముందు మౌనముంచుడని ఆరాధన క్రమ పుస్తకము చెప్పును. ఆ మౌనమును ఉంచువారు అరుదు. నాయకునికి అది భయము కలిగించును; ఎవరో దగ్గుదురు, బిడ్డ ఏడ్చును, తాను మరచిపోయెనని జనులు తలంతురేమోయని తొందరపడి నోరు విప్పును. కాని తాను చేసిన తప్పు ఏదో జ్ఞాపకమునకు రాకముందే ఒప్పుకోలు చదివించినచో, ఆ మనిషి చదివినది అచ్చుపుస్తకము, ఒప్పుకొన్నది ఏమియు లేదు. మీ మనస్సులో నిదానముగా ఇరువది లెక్కించుడు. ఆ యిరువది లెక్కలు సంఘమునకు మీరిచ్చు సొత్తు.

విజ్ఞాపన ప్రార్థనను గూర్చి చెప్పుటకు నాకు అధికారము వచ్చినది నా తప్పిదము వలననే. చాలకాలము క్రిందట, కృష్ణాతీరమున ఒక చిన్న సంఘములో ఆదివారపు ఆరాధన నడుపుమని నన్ను పంపిరి. నేను క్రమమును శ్రద్ధగా వ్రాసికొని, పాటలు సరిచూచుకొని, ప్రసంగము కంఠస్థము చేసికొని వెళ్లితిని. విజ్ఞాపనలో పాలకులకొరకు, దేశములకొరకు, సంఘములన్నిటికొరకు అందమైన మాటలతో ప్రార్థించితిని. ఒక్క పాఠమును తప్పిపోలేదు, ఒక్క నిమిషమును మించిపోలేదు. దీవెన ముగిసి జనులు వెళ్లుచుండగా ఒక వృద్ధుడు కండువా చేతిలో పట్టుకొని నా యెదుట నిలిచి, “అయ్యగారూ, బుధవారంనాడు మా మనవరాలు పోయిందండి. ఊరంతా వచ్చింది. మా యింటి మాట దేవుడి దగ్గర పెట్టలేదేమండీ?” అని యడిగెను. ఆ గొంతులో కోపము లేదు. నేను ముందురోజు సాయంకాలమే ఆ యూరు చేరితిని. ఎవరి గడపను త్రొక్కలేదు. ఎవరిని ఏమియు అడుగలేదు. దీపము దగ్గర కూర్చుండి నా ప్రసంగమును దిద్దుకొంటిని. ఆ కూటములో ప్రతివానికిని తెలిసిన దుఃఖము, వారి పక్షమున దేవునితో మాటలాడవలసిన నాకొక్కనికే తెలియలేదు. ఆ ముసలివాడు నా ప్రార్థనకు ఆమేన్ పలికెనో లేదో నేనెరుగను. పలుకుటకు నేను కారణము మాత్రము ఇవ్వలేదు.

ఆనాటినుండి నేను గ్రహించినది, ఆరాధన సిద్ధపాటులో ప్రథమ భాగము గడపలు త్రొక్కుటయే యని. విజ్ఞాపన వ్రాయుటకు ముందు నాయకుడు నలుగురిని అడుగవలెను: ఈ వారము ఎవరి యింట పొయ్యి వెలుగలేదు? ఎవరి యింట పిండివంట జరిగినది? పేర్లు తెలిసికొని, చెప్పదగినవి చెప్పి, చెప్పదగనివి దాచి, వానిని లోకముకొరకైన ప్రార్థనతో కలిపి పలుకవలెను. ఒక విన్నపము ముగియగానే సంఘము బదులు చెప్పుటకు తెరపి యియ్యవలెను. ఆ బదులు చిన్నదై, ప్రతిమారు ఒకే మాటలుగా నున్నచో, చదువు రానివారును రెండవ విన్నపమునకే అందుకొందురు. కాపరి పది నిమిషములు ఏకధాటిగా ప్రార్థించుటకంటె, సంఘము ఆరుమారులు బదులిచ్చు మూడు నిమిషముల ప్రార్థన ఎక్కువ బరువు మోయును.

నేటి నాయకులకు ఉపదేశులకు లేని సాధనములు కలవు. మైకు కలదు, తెరపై అక్షరములు కలవు, దూరదేశములలోని తెలుగు సంఘములకు సహితము ఆరాధనను చేరవేయు యంత్రములు కలవు. వీనిని నిందించుట నా యుద్దేశము కాదు. వినికిడి తగ్గిన వృద్ధులకు మైకు మేలు చేసినది. అయితే సాధనము నాయకుని గొంతును పదింతలు చేయును గాని సంఘపు గొంతును చేయదు. అందుచేత సామాన్య ప్రార్థనలయందును, విశ్వాస ప్రమాణమునందును, ప్రభువు నేర్పిన ప్రార్థనయందును నాయకుడు మైకునుండి ఒక అడుగు వెనుకకు జరుగవలెను. అక్కడ అతడును సంఘములోని ఒక్క గొంతే. ఆరాధన ఇచ్చటి జనుల సొంతము కావలెనను ఈ కోరికకు రాతిలోను ఒక సాక్ష్యము కలదు. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ దేవాలయమును కట్టించిన బిషప్ అజరయ్యగారు, ఈ దేశపు మందిరముల, మసీదుల శిల్పరీతులను దానిలో కూర్చి, ఇచ్చటి జనులు తమ యింటికి వచ్చినట్లు వచ్చి ప్రార్థింపవలెనని కోరిరి. రాతితో ఆయన చేసిన పనినే ప్రతి ఆదివారము మనము మాటలతో, పాటలతో, మౌనముతో చేయవలసియున్నది.

ఆ వృద్ధుని కథ చివర చెప్పి ముగింతును. మరుసటి ఆదివారమున నేను అనుమతి తీసికొని ఆ యూరికే తిరిగి వెళ్లితిని. శనివారము మధ్యాహ్నమే చేరి, ఆయన యింటి అరుగుమీద కూర్చుంటిని. ఆ చిన్నదాని పేరు ఏమో, ఏ పాట పాడెడిదో, బడిలో ఏ తరగతి చదివెడిదో ఆయన భార్య చెప్పినది. ఆదివారమున విజ్ఞాపనలో ఆ పేరు పలికి, ఆ యింటిని దేవుని చేతులకు అప్పగించి, ఆగితిని. సంఘమంతయు ఆమేన్ అనెను. ఆ ధ్వని అడగిన పిమ్మట, నేను రెండవ విన్నపము ఎత్తుకొనబోవుచుండగా, వెనుక గోడ దగ్గరనుండి మరియొక ఆమేన్, ఆలస్యముగా, బొంగురుగా, ఒంటరిగా వచ్చెను. నేను ఎత్తిన మాటను మ్రింగి, అది ముగియువరకు నిలిచితిని. అది మొదలుకొని ఏ ఆరాధనకు క్రమము వ్రాయబూనినను, ఆ గొంతు పలుకుటకు చోటు విడిచితినా యని ముందు చూచుకొని, పిమ్మటనే తక్కినవి వ్రాయుచున్నాను.